బూడిద తిన్న బత్తాయి తోట

2022 వేసవి. కామారెడ్డిలో ఓ ప్రైవేటు మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. భిక్నూర్ వైపు నుంచి రాజవ్వ అనే రైతు వచ్చింది. పాత చీర ముక్కలో మట్టి, చేతిలో బత్తాయి కొమ్మ. లేత ఆకులు పసుపు రంగుకు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. వెంట తెచ్చిన కాయ కోసి చూశాను. అబ్బో, నిమ్మకాయంత కాయకు ఎంత మందం తోలు! రసం చెంచాడు కూడా రాలేదు.

"బిడ్డా, చెట్లకు గూడ కామెర్లయితయా?" అంది.

"యూరియా వేశావా అవ్వా?"

"దుకాణపాయన ఏయమన్నడు, ఏసిన. ఏం ఫాయిదా లేదు. వానలు పడంగనే తోట తీపిచ్చి మక్క ఏస్తనని మా ఆయన జేసీబీ మాట్లాడిండు. బోరు ఎండినప్పుడు బిందెలతోని నీళ్లు మోసి బతికిచ్చిన చెట్లు బిడ్డా!"

ఆకు పాలిపోతే చాలు యూరియా బస్తా చూపించే దుకాణాలంటే నాకు ఒళ్లు మంట. ఈ చెట్లకు అందనివి జింక్, ఐరన్. వీటిని మైక్రోన్యూట్రియంట్స్ అంటాం. కూరలో ఉప్పులాగా చెట్టుకు కావాల్సింది కొంచెమే, అది లేకపోతే తక్కినవి ఎన్ని వేసినా దండగే. పరీక్షలో పీహెచ్ బాగా ఎక్కువ వచ్చింది. పీహెచ్ అంటే మట్టిలో పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత. క్షారం పెరిగితే జింక్, ఐరన్ మట్టిలోనే ఉన్నా కరగవు, వేళ్లకు అందవు. కానీ అది ఎర్ర చెలక నేల, అందులో మామూలుగా క్షారం ఉండదు. అంత క్షారం ఎలా వచ్చిందో అంతు పట్టలేదు.

ఆదివారం తోటకే వెళ్లాను. సాళ్ల మధ్య మట్టి ఎర్రగానే ఉంది. చెట్ల కింద మాత్రం బూడిద రంగు.

"ఇదేంది అవ్వా?"

"పొయ్యి బూడిద. మా అవ్వ బీరపాదుకు చారెడు సల్లేది, పురుగు రాదని. చెట్లకు మా ఇంటిది సరిపోతలేదని హైవే దాబాలకాడికెళ్లి బస్తాలకొద్ది తెచ్చి పోసిన."

కట్టెల బూడిద పిడికెడు వేస్తే మేలే, పొటాష్ ఉంటుంది. బస్తాలకొద్దీ ఏళ్ల తరబడి పోస్తే ఆ క్షారమే చెట్టు నోరు కట్టేస్తుంది. ఆ సంగతి చెప్పగానే రాజవ్వ వంగి ఆ బూడిద పిడికెడు తీసి చూసింది. "అయ్యో, నా చేతులతోని నేనే ఎండగొట్టుకున్ననా!"

ఆమె భర్త గంగారాం మాత్రం సూటిగా అడిగాడు. "మేడం, బతుకుతయా, బతకవా?"

"కొత్త చిగురు వచ్చేదాకా ఆగు బాపూ. అప్పుడూ పసుపే ఉంటే నీ ఇష్టం."

బత్తాయి వేళ్లు పైపైనే ఉంటాయి, పార తగిలితే తెగుతాయి. అందుకని రాజవ్వ ప్రతి చెట్టు కిందా కూర్చుని ఆ బూడిద పొరను చేతులతో గీకి తీసింది. మాగిన పశువుల ఎరువు, క్షారం తగ్గడానికి నేను చెప్పినంత గంధకం వేసింది. వేళ్లు తీసుకోలేని జింక్, ఐరన్‌ను ఆకుల మీద స్ప్రే చేయించింది. ఇంత ఓపిక నాకైతే లేదు, నిజం చెబుతున్నా.

అయితే నేను చేతులెత్తి దండం పెట్టింది దానికి కాదు. ఆ ఊళ్లో ఇంకో నలుగురు ఆమెను చూసి తమ చెట్లకు బూడిద పోస్తున్నారు. తన తోటలో ఒక్క చిగురైనా రాకముందే రాజవ్వ మహిళా సంఘం మీటింగ్‌లో లేచి, తన తప్పు చెప్పి, ఇక పోయొద్దని అందరినీ బతిమాలింది. కొందరు కిసుక్కున నవ్వారట.

"చెట్లు తేరుకున్నాక చెప్తే అయిపోయేది కదా అవ్వా?" అన్నాను.

"అప్పటిదాంక వాళ్లు పోస్తనే ఉంటరు గదా బిడ్డా! నన్ను జూసే పోసిర్రు. వాళ్ల చెట్లు ఎండితే నాకు బువ్వెట్ల పోతది? నవ్వితె నవ్వనీ."

వానలు పడ్డాక చిగురు వచ్చింది, ఆకుపచ్చగా. జేసీబీ వద్దని గంగారామే ఫోన్ చేసి చెప్పాడు. మరుసటి కాపుకు తోలు పలచబడింది, కాయలో రసం నిండింది.

ఇప్పుడు ఎవరు పాలిపోయిన ఆకు పట్టుకొచ్చినా, మంచిదనుకుని చెట్టుకు ఏం పోశారో ముందు అడుగుతాను. కసురుకోకుండా అడుగుతాను. ఇలాంటి తప్పు చేసేది చెట్లను పట్టించుకోని వాళ్లు కాదని రాజవ్వ దగ్గరే తెలిసింది.