గడి ముందు దిగని సైకిల్

నిజాం పాలన చివరి రోజులు. హైదరాబాదులో చదువుకుంటూ సెలవులకు మా ఊరు ఇబ్రహీంపట్నం వచ్చాను. రాచకొండ గుట్టల కింది పాత ఊళ్లు చూడాలని సైకిల్ మీద బయల్దేరాను. దారిలో మా చెరువులో చేపలు పట్టే మల్లయ్య కనిపించాడు. కాల్లో ముల్లు దిగి, కూతురి ఊరికి కుంటుకుంటూ పోతున్నాడు. వెనక ఎక్కించుకున్నాను.

ఊరు దగ్గరపడగానే, "ఆపు పటేలా, దిగుత. దొర గడి ముంగట మాలాంటోళ్లు సైకిలెక్కి పోవద్దు" అన్నాడు.

"నేనున్న గద, కూసో" అని ఇంకా గట్టిగా తొక్కాను.

కోటలాంటి ఆ గడి వాకిట్లో దొర మనుషులు ఆపారు. మా నాన్న ఎవరో అడిగి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. మల్లయ్య నెత్తిన నా సైకిల్ పెట్టి గడి చుట్టూ తిప్పారు. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన కూతురు చూస్తుండగానే మూడో చుట్టులో పడిపోయాడు. నేను అరుగు దిగలేదు.

వదిలేశాక సైకిల్ నా చేతికిస్తూ, "దిగుత అన్న గద పటేలా" అన్నాడు.

ఆ గడి ఎప్పుడో కూలిపోయింది. నా ధైర్యం ఎవరి నెత్తికెక్కిందో ఇప్పటికీ తలచుకుంటాను. వాళ్లిచ్చిన నీళ్లు నేను తాగాను. ఈ ఒక్క మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.