ఢలాయి ఆరేదాకా

ఆషాఢ మాసం, మంగళవారం. తెల్లవారుతూనే పంపు నీళ్లు పట్టాను. పాలవాడి లెక్క చూడటం, పప్పు నానబోయడం, వాన రాకముందే మేడ మీది బట్టలు తీయడం అయ్యాయి. గ్యాసు బండ మార్చాలి, అల్లం తెప్పించాలి అనుకుంటుండగా ఫోను మోగింది. మా బావగారి అమ్మాయి. "పిన్నీ, నాన్న లేవట్లేదు" అంది. మిగిలిన పనులేవీ ఆ రోజు జరగలేదు.

ఆయన మా వారికి అన్నగారు. ఇక్కడ బెంగాల్లో, సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్లు, గోడౌన్లు, ప్లాట్‌ఫారం కప్పులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నిద్రలోనే పోయారు. చూడవచ్చిన వాళ్లంతా, సుఖంగా వెళ్లిపోయారన్నారు. నేను తలెత్తి ఆ గది పైకప్పు చూశాను. బీటలు వారిన కప్పుల కింద ఏళ్ల తరబడి తిరిగిన మనిషికి అలాంటి చావు ఊరికే రాలేదని నాకు తెలుసు.

ఇది చదివే మీలో కొందరు ఆయన్ని ఎరగకపోవచ్చు. కానీ షాలిమార్ నుంచి సాల్ట్ లేక్ దాకా మన తెలుగువాళ్లు అద్దెకు దిగేముందో, కొనేముందో ఆయన చేత తట్టించి చూసుకున్న గోడలు చాలా ఉన్నాయి. వాటి పక్కనే మీలో ఎవరో ఈ రాత్రి కూడా పడుకుంటారు.

రిటైరయ్యాక ఇలా ఇళ్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఆయన నన్ను వెంట తీసుకెళ్లేవారు. నాకు ఇళ్ల గురించి ఏమీ తెలియదు. నా పని వీధిలో నిలబడటం.

"నీ మొగుణ్ణి నిలబెడితే టీ కొట్టు కాడికి ఎల్లిపోతాడమ్మా. అల్లుణ్ణి నిలబెడితే మామకేటయిందోనని నా ఎనకాలే లోపలికొచ్చేస్తాడు. నువ్వయితే నిలబడమన్న సోట నిలబడతావు" అన్నారు మొదటిసారి. అది మెప్పో వెక్కిరింతో నాకు తెలియలేదు.

ప్రతి అంతస్తులోనూ కిటికీలోంచి చెయ్యి బయటకు పెట్టి చూపించేవారు. చెయ్యి కనిపించకపోతే నేను లోపలికి వెళ్లకూడదు. చుట్టుపక్కల వాళ్లను పిలవాలి, ఫోన్లు చెయ్యాలి, అంతే. ఆయనే కేకేసినా సరే గుమ్మం దాటకూడదు.

"లోపల ఒకడుంటే పోయేది ఒకడే. నువ్వూ ఒచ్చేవనుకో, మనం ఉన్నామని బయట సెప్పడానికి ఎవరుంటారు?" అనేవారు.

షాలిమార్ యార్డు వెనక ఒక పాత మేడకు వెళ్లిన రోజు మొదటి అంతస్తులో చెయ్యి కనిపించింది. రెండో అంతస్తు కిటికీ ఖాళీగా ఉండిపోయింది. లోపల ఏదో బరువుగా కూలిన చప్పుడు. పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. తరవాత ఏ చప్పుడూ లేదు. అటూ ఇటూ వెళ్లే జనం నన్ను చూసుకుంటూ పోతున్నారు. పక్క కొట్టు మనిషిని పిలిచి, ఫోను తీసి అంకెలు నొక్కాను. కాళ్లు మాత్రం కదలనివ్వలేదు. అంతలో ఆయన పక్క సందులోంచి భుజాల నిండా సున్నంతో వచ్చారు. మెట్టొకటి కాలి కింద ఊడిపోయిందట. గోడ వారగా నడుస్తారు కాబట్టి గోడకే అతుక్కుపోయి నిలబడ్డారట.

"కేకేస్తే ఒచ్చేదానివా?"

"రాను బావగారూ."

"అద్గదీ" అన్నారు. ఆ తరవాతే టీ తాగాం. పని ముగించి బయటపడేదాకా ఎవరి చేతి టీ కూడా ముట్టేవారు కాదు.

నడుస్తూ పైకి చూసేవారు కాదు. చూడాలంటే ఆగేవారు. నేల మీద చెక్క పరిచి ఉంటే దాని కింద గొయ్యి ఉన్నట్టే లెక్క. పిట్టగోడకు చేరగిలబడటం ఎరగరు. ఈ అలవాట్లు వ్రతాలకీ పెళ్లిచూపులకీ కూడా వెంటవచ్చేవి. కుర్చీ చూపిస్తే ముందు పైకప్పు చూసి, కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని కూర్చునేవారు. "పిల్లని సూడమంటే దూలాలు సూస్తాడు" అని మా వదిన నవ్వేది.

వదిన అంటే ఆయన చెల్లెలు, నాకు ఆడపడుచు. నాకంటే పెద్దది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఇక్కడే పుట్టి పెరిగారు. దీపావళి వెళ్లాక అన్నదమ్ముల నుదుట చందనం బొట్టు పెట్టే భాయ్ ఫోటా ఆమె ఏ ఏడూ తప్పించేది కాదు. మొదటి బొట్టు బావగారికే.

కొన్నేళ్ల కిందట వదిన వాళ్లు సంత్రాగాఛిలో ఇల్లు కట్టుకున్నారు. పంతులుగారు మాఘంలో ముహూర్తం పెట్టారు. అది దాటితే మళ్లీ వీళ్లకు కలిసొచ్చేది చాలా దూరం ఉందన్నారు. పని వెనకబడింది. స్లాబు పోయడాన్ని ఇక్కడ ఢలాయి అంటారు. ఆ ఢలాయి ముహూర్తానికి కాస్త ముందే అయింది. పోసిన కప్పును గట్టిపడేదాకా కింద వెదురు బొంగులు మోస్తాయి. చలికాలంలో అది ఇంకా నెమ్మదిగా గట్టిపడుతుంది. కానీ బొంగుల మధ్య పీటలెలా వేస్తారు? వ్రతానికి ఎక్కడ కూర్చుంటారు? ముందు రోజు సాయంత్రం బొంగులన్నీ తీయించేశారు. కింద మంటపం కట్టారు, మామిడాకులు కట్టారు. వంటలూ భోజనాలూ పైన మేడ మీద. పొయ్యిలు, బల్లలు, నీళ్ల డ్రమ్ములు అన్నీ పైకి చేర్చారు.

ఈ సంగతి బావగారికి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే పళ్ల బుట్టతో నేనూ, ఆయనా వెళ్లాం. గేటు దగ్గర ఆగి ఇంటిని చూశారు. లోపలి గది ఖాళీగా కనిపించింది.

"బొంగులేవి?" అన్నారు. జవాబు కోసం ఆగకుండా, "నువ్విక్కడే ఉండు. ఎవర్నీ రానీకు" అని లోపలికి వెళ్లారు.

కిటికీలో చెయ్యి కనిపించింది. తరవాత కనిపించలేదు.

చుట్టాలు ఆటోలు దిగుతున్నారు. పాల గిన్నె పట్టుకుని, పట్టుచీరలో వదిన వచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

"తప్పుకోయే, ముహూర్తం దాటిపోతంది."

"బావగారు ఇంకా బయటకు రాలేదు వదినా."

"నీకు బావగారేమో, నాకు సొంత అన్న. నా ఇంటికి నేనెల్లడానికి నీ సెలవు కావాలేటి?"

అప్పుడు లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది. అరవలేదు. మామూలుగా, పక్క గదిలోంచి మంచినీళ్లు అడిగినట్టుగా వచ్చింది.

"ఎవరూ గుమ్మం దాటొద్దు. పైనున్న వంటోళ్లు పొయ్యిలార్పి ఒక్కొక్కళ్లే దిగండి. పరిగెట్టొద్దు. గోడ పక్కమ్మటే రండి."

మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి. ఆయన మెట్ల మొదట్లో మూలకు ఆనుకుని నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి దింపుతున్నారు. గుమ్మంలోంచి నాకు కప్పు నడిమి భాగం కనిపించింది. పైన నీళ్ల డ్రమ్ము పెట్టిన చోట, కింద గోడ నుంచి గోడ దాకా సన్నటి తడి గీత. దాని చివర ఒక చుక్క వేలాడుతోంది. అది మంటపంలో పరిచిన పట్టుగుడ్డ మీద పడింది. ఇంకో చుక్క తయారైంది. వెనక చుట్టాలు గొణుగుతున్నారు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. నేను ఆ గీతనే చూస్తున్నాను. అది కాస్త పొడుగైనట్టు అనిపించింది, అనిపించడమో నిజమో చెప్పలేను.

"కిచ్చు హొబే నా, దాదా!" అన్నాడు కాంట్రాక్టరు, ఏమీ కాదులే అని. అన్నది రోడ్డవతల నిలబడి.

"నీ బొంగులు ఏ లారీలో ఉన్నాయో తెప్పించు" అన్నారు బావగారు లోపలినుంచే.

అందరి తరవాత ఆయన వచ్చారు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పక్కింటి బెంగాలీ ఆవిడ తన వరండా ఇచ్చింది. ఇటుకలు పేర్చి వదిన అక్కడే పాలు పొంగించింది. కళ్లు తుడుచుకుంటూ పొంగించింది. పరాయి వాళ్ల గుమ్మంలో తన గృహప్రవేశం. బావగారిని భోజనానికి రమ్మని ఎవరూ అనలేదు. బొంగులు తిరిగి వచ్చి, చివరి బొంగు బిగించేదాకా ఆయన వీధిలోనే నిలబడి, ఇంటికి వెళ్లిపోయారు.

ఆ కప్పు పడలేదు. గట్టిపడింది. వదిన వాళ్లు ఇవాళ్టికీ దాని కిందే ఉంటున్నారు. బొంగులు మళ్లీ పెట్టినందుకు నిలిచిందా, పెట్టకపోయినా నిలిచేదా, చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. "పడిందా? పడనేదు కదా! శుభమా అని పాలు పొంగిద్దామంటే నా నోట్లో మట్టి కొట్టీసినాడు" అని వదిన ఎందరితోనో అంది. అన్నతో మాటలు మానేసింది. ఆ ఏటి నుంచి భాయ్ ఫోటా బొట్టు మా వారికి మాత్రమే. ఆ రోజు బావగారు మా ఇంటికి వచ్చి మాతో భోంచేసేవారు. మా వారి నుదుటి మీది చందనం వైపు చూసేవారు కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మీకు బాధగా లేదా అని.

"పడకపోవడమే కదమ్మా మనకి కావాలి" అన్నారు. "పడుంటే నా మాట నిలిచును. పడనేదు కాబట్టి అది నా మీద కోపంతో ఉంది. బతికుండి కోపంగా ఉంది. ఉండనీ."

దాని తరవాత శుభకార్యాలకు పిలుపులు తగ్గాయి. కొత్త ఇల్లంటే ఆయన వస్తారేమోనని భయపడేవాళ్లు. కానీ గోడలో గీత కనిపిస్తే మాత్రం, చీకటి పడ్డాక ఫోను చేసేవాళ్లు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక, అందరం బావగారి ఇంట్లోనే ఉన్నాం. బయట జోరుగా వాన. మా వదిన భర్త ఎవరితోనో చెబుతున్నారు. మా ఇంటి పై అంతస్తు ఢలాయి కూడా అయిపోయింది, శ్రావణంలో మొదటి ముహూర్తానికే పాలు పొంగించి ఐటీ కుర్రాళ్లకు అద్దెకిచ్చేస్తాం, ఆదివారం బొంగులు తీయించేస్తున్నాను అన్నారు.

వదిన విస్తళ్లు ఎత్తుతోంది. వెనక్కి తిరగకుండానే, "తీయొద్దు" అంది.

"ఏటి?"

"వానల్లో ఏటి ఆరుతాది? కార్తీకంలో సూద్దాం."

"అప్పటిదాకా కుర్రాళ్లుంటారేటి? ఇంకో సోటికి ఎల్లిపోతారు."

"ఎల్లనీండి."

అన్న పేరు ఆమె ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

పోయిన వారం వాళ్లింటికి వెళ్లాను. మెట్ల మొదట్లో వదిన తన పాత చీరను రెండు పక్కలా అడ్డంగా బిగించి కట్టింది. చూసొస్తానంటే, "ఎవరూ ఎల్లకూడదు. నువ్వూ ఎల్లకూడదు" అంది. ఇద్దరం ఆ చీరకు ఇవతలే నిలబడ్డాం. పైన చీకట్లో వెదురు బొంగులు వరసగా కప్పును మోస్తూ ఉన్నాయి. ఎక్కడో తడి కారి నేల మీద టపటప పడుతోంది. పైనుంచి ఏదో సన్నగా కిర్రుమంది. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆ కప్పు కింద ఎవరూ లేరు.

ఇంటికి వచ్చి ఆ రోజు ఖర్చులు రాసుకున్నాక, కింద ఇంకొక్క మాట రాశాను: బావగారికి వదిన పడ్డ బాకీ తీరింది.