పసుపులో లేని మందు

నంద్యాల బస్టాండులో ఇడ్లీ తిని ఏడున్నరకు ఆళ్లగడ్డ బస్సెక్కాను. కిటికీ పక్కనే సీటు దొరికినా బయటికి చూడాలనిపించలేదు. పంటల్లో పురుగుమందులు మిగిలాయేమో పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. పోయిన పంటకు ఓబుళరెడ్డి అనే రైతు పసుపులో నిషేధించిన మందు ఉందని రిపోర్టు రాశాను. అది తప్పు. ఆ మాట ఎదురుగా చెప్పడానికే ఈ ప్రయాణం.

"ఏం పనప్పా నీది, పొద్దున్నే మొగం అట్ల పెట్టుకోనుండావ్?" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

చెప్పాను. పొడి కూరిన సన్నటి గొట్టంలోకి పసుపు రసం పంపి, నీళ్లలో మెథనాల్ అనే ద్రావకం వంతు మెల్లగా పెంచుతూ పోతాం. ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటికొస్తుంది. ఏది ఎప్పుడొస్తుందో ముందే లెక్కగట్టవచ్చు. కొత్త యంత్రంలో, మారిన మిశ్రమం పంపు నుంచి గొట్టం దాకా రావడానికే ఎక్కువసేపు పడుతుంది. నేను పాత యంత్రం లెక్కే వాడాను. అన్నీ ఆలస్యంగా వచ్చాయి. మందు రావాలని నేను లెక్కగట్టిన నిమిషానికి, పసుపులో సహజంగా ఉండేదొకటి వచ్చింది. అసలు మందును ఒకసారి పంపి పోల్చుకుంటే తెలిసిపోయేది. ల్యాబులో ఆ మందు సీసా అయిపోయింది. కొత్తది వచ్చేదాకా నేను ఆగలేదు. అది వచ్చాక పోల్చి చూస్తేనే తప్పు బయటపడింది.

"అంటే ఆ టయానికొచ్చినోన్ని పట్టుకోని దొంగంటివి," అన్నాడాయన. శిరివెళ్లలో దిగుతూ, "ఆడ కొడితే కొట్టించుకో," అన్నాడు.

ఆళ్లగడ్డ బస్టాండుకు ఓబుళరెడ్డే వచ్చాడు. టీ తాగించాడు. సవరించిన రిపోర్టును మాత్రం ముట్టలేదు.

"సరుకు ఎట్లో అమ్ముకుంటి సారూ. మందు కొట్టింది మా తమ్ముడేననుకోని నలుగురిలో చెయ్యి చేసుకుంటి. వాడిప్పుడు రుద్రవరంలో అత్తగారింట్లో ఉంటాండాడు. ఈ మాట వానికి చెప్పు."

రుద్రవరానికి బస్సు కోసం ఎదురుచూడటం కన్నా ఆటో మేలు. ఇద్దరం అందులోనే వెళ్లాం. తమ్ముడుండే ఇంటి ముందు ఆగినా ఆయన ఆటో దిగలేదు.

తమ్ముడు ట్రాక్టరు కడుగుతున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"నేనెవరో నీకు తెలీదు, రాస్తివి. మా యన్నకు నేను తెలీనా?"

 కడగడం ఆపి లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, ఆటో వైపు చూశాడు. "ఎండలో యాల కూచున్యాడు ఆడ? ఇయ్యి పో."

ఓబుళరెడ్డి గటగటా తాగాడు. నేను చెంబు అందుకోబోతే ఇవ్వలేదు. "నేనిచ్చొస్తాలే," అని దిగాడు.

వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఒక్కణ్నే తిరుగు బస్సెక్కాను. ప్రయాణంతో అలసిపోయినా నిద్ర రాలేదు. అదే పాత లెక్కతో ఆత్మకూరు రైతుల శాంపిళ్లకూ రిపోర్టులు రాశాను, వాటినింకా మళ్లీ పరీక్షించలేదు. నంద్యాలలో దిగాక ఇంటికి పోకుండా ల్యాబు వైపే నడిచాను.