పొట్టకు చుట్టుకున్న జెండా

ఆ రోజుల్లో అంటే మరీ తాతల నాటి సంగతేమీ కాదు. కరోనా తగ్గి, గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మనుషుల్ని మళ్ళీ పక్కపక్కన కూర్చోనిచ్చిన మొదటి ఏడాది. అయినా అప్పటి నన్ను తలచుకుంటే ఎవరింటి కుర్రాడో అనిపిస్తాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆగస్టు పదిహేనంటే నాకు బడిలో పంచే బిళ్ళలు, ఇంటికొచ్చి పడుకునే నిద్ర, అంతే. అలాంటివాణ్ణి దుబాయ్‌లో దిగిన కొద్ది వారాలకే పరమ దేశభక్తుణ్ణయిపోయాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎండలో పని, పరాయి తిండి, పై మంచం మీద ఎవరిదో గురక, వీటి మధ్య మనదంటూ ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది కాబోలు. ఫోన్ వెనక జెండా, మంచం తలాపున జెండా, వాట్సాప్‌లో నా ముఖం ఉండాల్సిన చోట జెండా. మా గదిలోవాళ్ళు నాకు 'మేజరు' అని పేరు పెట్టారు. ("మేజరుగారూ, ఉల్లిపాయలు తరిగారాండీ?" అని అడిగేవాళ్ళు. తరిగేవాణ్ణి.)

మా క్యాంపు అల్ కుసైస్‌లో. మా అంతస్తులో తెలుగువాళ్ళం ఒక వైపు, పఠాన్లు ఒక వైపు, మధ్యలో ఉమ్మడి వంటగది. సరిహద్దు ఎక్కడో నాకు స్పష్టంగా తెలుసు, నాలుగో పొయ్యి దగ్గర. అవతలి పక్క నా ఈడువాడే ఒకడుండేవాడు, పెషావర్ వైపు నుంచి వచ్చినవాడు. నిలబడితే తల తలుపుకు తగిలేది, గడ్డం మాత్రం గుండెల దాకా. పొడుగు పఠాన్ అనేవాళ్ళం. వాడూ అక్కడ వాళ్ళ 'మేజరే'. ఒకసారి క్రికెట్ మ్యాచ్ రోజున భోజనాల హాల్లో ఇద్దరం జెండాలు పట్టుకుని కుర్చీలెక్కి అరుచుకున్నాం. కుర్చీలు విరిగాయి. దేశాలకేమీ కాలేదు. అప్పట్నుంచి ఇద్దరం ఒకే సింకులో గిన్నెలు కడుక్కుంటూ కూడా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

మా ఇద్దరికీ తలవంపులు తెచ్చిపెట్టినవాళ్ళు మా పెద్దవాళ్ళే. మా గదిలో మామయ్య ఉండేవాడు. సొంత మేనమామ కాదు, మా పక్క ఊరివాడు, అమ్మవైపు ఎక్కడో వరస కలిసిందంతే. కంపెనీ బస్సు నడిపేవాడు, పాట బ్రహ్మాండంగా పాడేవాడు. ఆ పొడుగు పఠాన్ సొంత చాచా, అంటే బాబాయి, ఢోలక్ వాయించేవాడు. సెలవు రోజు సాయంత్రం వీళ్ళిద్దరూ వంటగది వెనక మెట్ల మీద చేరి, ఒకరు పాడుతుంటే ఒకరు వాయిస్తుంటే, లోపల మేమిద్దరం చెరో పొయ్యి ముందు పళ్ళు కొరుక్కునేవాళ్ళం. "మామయ్యా, మనోళ్ళలో ఢోలక్ కొట్టేవాడే దొరకలేదా?" అని ఒకసారి నిలదీశాను. "దొరికాడ్రా అబ్బాయ్. ఆడు కొడితే నా పాట పారిపోతంది. ఈయన కొడితే ఎనక్కొస్తంది, ఆయ్" అన్నాడు.

ఆ ఏడాది డిసెంబరులో ఈ దేశపు జాతీయ దినోత్సవానికి కంపెనీవాళ్ళు క్యాంపు ఆవరణలో పాటల కార్యక్రమం పెట్టారు. స్టేజీ, మైకులు, రంగుల దీపాలు అన్నీ నిజమైనవే. మామయ్య పేరు ఇచ్చాడు, చాచా ఢోలక్‌తో సహా. ఇచ్చిన రోజు నుంచి ఆయనకు తిండి సయించలేదు. సంగతేమిటంటే, ఆయన ఇక్కడికి వచ్చేటప్పటికి కూతురికి ఇంకా మాటలు రాలేదు. అప్పటికి ఇంటర్ చదువుతోంది. మధ్యమధ్య సెలవులకు వెళ్ళినా చుట్టపు చూపే. ఆ మధ్య ఫోన్లో, "నువ్వు బాగా పాడతావని అమ్మ అంటాదిగానీ నేనెప్పుడూ వినలేదు నాన్నా" అందట. ఆ మాట ఆయన్ను పట్టుకుంది. స్టేజీ మీద పాడుతుంటే వీడియో కాల్‌లో కూతురికి చూపించాలి, అదీ ఆయన కోరిక. ఫోన్ పట్టుకునే బాధ్యత నాకప్పగించాడు. "సెయ్యి కదపకు రా. మళ్ళీ ఇలాంటిది నాకు రాదు" అన్నాడు.

క్యాంప్ బాస్ మలయాళీ. మా కుర్చీల యుద్ధం ఆయన మరిచిపోలేదు. గదిగదికీ తిరిగి హెచ్చరించాడు: "పండగ ఈ దేశానిది. ఏక్ హీ జండా. దూస్రా జండా కనిపిస్తే మైక్ బంద్, ప్రోగ్రామ్ ఖలాస్!" వినగానే అందరూ తలూపారు. నేనూ ఊపాను. కానీ అదే సాయంత్రం ఎవరో నా చెవిలో ఊదారు, పఠాన్లు రహస్యంగా జెండా తెస్తున్నారని. ఇక మేజరుకు నిద్ర ఎలా పడుతుంది? పాత జెండాను కుర్చీల గొడవప్పుడే బాస్ తీసేసుకున్నాడు. కొత్తది కుట్టుకోక తప్పలేదు. కాషాయానికి నా నారింజ రంగు సేఫ్టీ జాకెట్ పనికొచ్చింది. తెలుపుకు కంపెనీ దిండు గలీబు. ఆకుపచ్చకు స్టేజీ అలంకరణలో మిగిలిన గుడ్డ. చక్రం టిఫిన్ బాక్సు మూత పెట్టి గీశాను, ఆకుల లెక్క ఎన్నిసార్లు గీసినా ఒకటి ఎక్కువో తక్కువో వచ్చింది. జాకెట్ మీద మెరిసే పట్టీలు విప్పడానికి బద్ధకించి అలాగే వదిలేశాను. వాళ్ళు తీస్తే నేనూ తీస్తాను, లేకపోతే లేదు, అదీ నా యుద్ధనీతి. దాన్ని పొట్టకు చుట్టుకుని, పిన్నీసు గుచ్చి, పైన చొక్కా వేసుకున్నాను. బక్క మనిషిని కావడంతో ఒక్కసారిగా ఆరో నెల వచ్చినట్టు కనిపించాను.

మామయ్య పాట ఎత్తుకున్నాడు. మా గోదావరి వైపు నాట్లేసేటప్పుడు పాడుకునే పాట. ఢోలక్ అందుకుంది. నేను స్టేజీ ముందు ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నిలబడ్డాను. రెండో చరణానికి వచ్చేసరికి బెంగాలీలు, నేపాలీలు, మావాళ్ళు, పఠాన్లు అంతా లేచి గంతులు. భాష ఎవడికి కావాలి, ఆ ఢోలక్ వింటే కాళ్ళు ఆగవు. నా కాళ్ళూ ఆగలేదు. గంతులో చొక్కా గుండీ ఒకటి ఊడింది. స్టేజీ దీపం సూటిగా నా పొట్ట మీద పడి, జాకెట్ పట్టీ తళుక్కుమంది. ఆ దీపం పక్కనే క్యాంప్ బాస్ నిలబడి ఉన్నాడు.

ఆయన నా వైపు నడవడం మొదలుపెట్టాడు. జెండా కనిపిస్తే మైక్ పోతుంది. మైక్ పోతే ఆ పిల్ల తండ్రి పాట సగంలో ఆగిపోతుంది. అది కూడా నా మూలంగా. దేశం సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు, నిజం చెప్పాలంటే. అంతలో పక్కనుంచి రెండు పొడుగాటి చేతులు వచ్చి నన్ను గట్టిగా కావిలించుకున్నాయి. పొడుగు పఠాన్! వాడి పొట్ట నా పొట్టకు తగిలింది. వాడికీ మొన్నటిదాకా పొట్ట లేదు. "హిలో మత్" అన్నాడు చెవిలో. "మేరా భీ అందర్ హై. బీచ్ మే బంద్ హువా తో చాచా మర్ జాయేగా." కదలొద్దు, నాదీ లోపలే ఉంది, మధ్యలో ఆగితే చాచా చచ్చిపోతాడు అని. నేనూ ఫోన్ లేని చేత్తో వాణ్ణి అదిమి పట్టుకున్నాను. అప్పుడే పిన్నీసు ఊడింది. అది నాదో వాడిదో తెలీదు, గుచ్చుకోవడం మాత్రం ఇద్దరికీ గుచ్చుకుంది. కదిలితే జెండాలు జారతాయి, కదలకపోతే పిన్నీసు దిగుతుంది. ఇద్దరికీ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

క్యాంప్ బాస్ మా ముందుకొచ్చి ఆగిపోయాడు. కుర్చీలు విరగ్గొట్టుకున్న మేజర్లిద్దరూ కావిలించుకుని ఏడుస్తున్నారు! పాపం, ఆయన కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. "శాబాష్! ఐసా హోనా చాహియే!" అని ఫోన్ తీసి ఫోటో తీశాడు. అది ఆఫీసుకు వెళ్ళింది, ముదీర్‌కు, అంటే పెద్ద మేనేజరుకు, నచ్చింది, ఏడాది పాటు క్యాంపు గేటు దగ్గర అద్దం వెనక వేలాడింది. మేము మాత్రం పాట అయ్యేదాకా విడిపోకుండా, ఆ తర్వాత పీతల్లా అడ్డంగా నడుచుకుంటూ బాత్రూమ్ దాకా వెళ్ళాం. అక్కడ ఒకరికొకరం వీపు తిప్పుకుని విప్పుకున్నాం. కాసేపటికి వాడు తొంగిచూశాడు, నేనూ చూశాను. వాడి తెలుపు కూడా దిండు గలీబే. మూలన అదే కంపెనీ ముద్ర. నవ్వు మొదలైంది, బయట జనం తలుపు బాదేదాకా ఆగలేదు.

బయటికొచ్చేసరికి మామయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది, కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. "ఇన్నావా అమ్మా?" అని అడిగాడు. అటునుంచి ఆ పిల్ల, "ఇన్నాను నాన్నా. మద్దెలో ఎవరిదో గెడ్డం అడ్డొచ్చేసింది, ఏం కనపళ్ళేదు. పాట మాత్రం అంతా ఇన్నాను" అంది. అంతలోనే మళ్ళీ అంది, "ఇంకోసారి పాడవా? ఈసారి నిన్ను సూత్తాను." మామయ్య పక్కనున్న మెట్ల మీదే కూలబడ్డాడు. వెనకే వచ్చిన చాచా ఢోలక్ ఒళ్ళోకి లాక్కున్నాడు. పొడుగు పఠాన్ రెండు అడుగులు వెనక్కు జరిగి, గడ్డాన్ని రెండు చేతుల్తో మూసుకుని నిలబడ్డాడు. నేను ఫోన్ పట్టుకున్నాను. ఈసారి చెయ్యి కదల్లేదు, కళ్ళే సరిగా కనబడలేదు. పిన్నీసు ఎప్పుడో తీసేశాం మరి.

ఇప్పుడు నేను అల్ వర్సాన్‌లో ఒక గోదాములో పనిచేస్తున్నాను, వాడు అబుదాబీలో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో. ఆగస్టులో వాళ్ళ పండగ రోజు నేను ఫోన్ చేస్తాను, మర్నాడు మా పండగకు వాడు చేస్తాడు, ఇద్దరం ముందు మామయ్య పాట గురించే మాట్లాడుకుంటాం. మొన్న పాత ఫోన్లోంచి ఆ ఫోటో తీసి పంపాడు. ఊళ్ళో ఉన్న మా ఆవిడకు పంపాను. పెళ్ళయి రెండేళ్ళే, బక్కగా ఉన్నప్పటి నన్ను తను చూడలేదు. వెంటనే ఫోన్ చేసింది. "అప్పుడు కూడా ఇంత పొట్టుండేదా మీకు?"

ఉండేదన్నాను. ఎంత బరువుండేదో మాత్రం చెప్పలేదు.