నడి ఏట్లో నీరసించిన ఇంజను

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, నారాయణగూడలోని మా స్కూటర్ల రిపేరు షాపులో పానాలు నా చేతికి వచ్చాయి. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవారు, నేను విప్పేదాన్ని. అప్పటికే టూ స్ట్రోక్ బండ్లు తగ్గిపోతున్నాయి. చిక్కడపల్లి పాత ఇళ్లలో పెద్దవాళ్లు వదల్లేక ఉంచుకున్న స్కూటర్లు, అశోక్‌నగర్‌కు కోచింగు కోసం వచ్చిన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నవి, అవే మాకు మిగిలిన పని. కొన్ని రోజులు షట్టర్ ఎత్తి, కూర్చుని, దించి ఇంటికి వెళ్లేవాళ్లం. ఆయన మాట్లాడటం కూడా తగ్గించేశారు.

2011లో వానలు వెనకబట్టాక, ఒక పొద్దున షాపు ముందు ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు అందులోంచి పడవ ఇంజనును దించారు. ఒకతను మాకు తెలిసినవాడే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఉండే మేస్త్రీ. మా వంటింటి గోడ కట్టింది అతనే. రెండో మనిషి అతని అన్న. కృష్ణ ఒడ్డున ఉండే తమ ఊళ్లో జనాన్ని పడవలో ఏరు దాటించడం అతని పని. తమ్ముడు లోపలికి వచ్చాడు గానీ అన్న రాలేదు. మెట్టు మీద, రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"అన్నా, గిది సుత టూ స్ట్రోకే అన్నరు. జర మీరు చూడాలె," అన్నాడు తమ్ముడు మా ఆయనతో.

"నేను పడవ ఇంజను ఎన్నడు ముట్టలేదు తమ్మీ. ఏమైతుంది దీనికి?"

"స్టార్ట్ మంచిగనే అయితది. ఖాళీ పడవైతే నడుస్తది. మనుషులెక్కి నడి ఏట్లకు పోయినంక దమ్ము పోతది. బంద్ కాదు, కని గుంజది."

ఆ తర్వాత గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. వానాకాలంలో ఒక సాయంత్రం అతని వదినను చేలో పాము కరిచింది. దవాఖాన అవతలి ఒడ్డున ఉంది. అన్నే ఆమెను పడవలో పడుకోబెట్టుకుని బయలుదేరాడు. ఏరు నిండుగా ఉంది. సగం దాటాక ఇంజను నీరసించింది. నీళ్లు పడవను దిగువకు ఈడ్చుకుపోయాయి. ఎక్కడో ఒడ్డు దొరికి, ఆమెను భుజాన వేసుకుని దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

"పెట్రోల్ల నూనె తక్కువ కలిపిన, ఇంజను పట్టేసింది, నేనే సంపిన అంటుండు. అప్పటిసంది పడవ ముట్టలే. తిండి సుత సరిగ తింటలేడు. ఏమైందో ఎవరన్న చూసి చెప్పాలె గద అన్నా."

మా ఆయన చాలాసేపు ఆ ఇంజను వంక చూశారు. తర్వాత నాతో, "డ్రమ్ముల నీళ్లు నింపు," అన్నారు.

డ్రమ్ము అంచుకు చెక్క కట్టి ఇంజను బిగించాం. పంకా నీళ్లలో మునిగింది. తాడు గుంజగానే అందుకుంది. రేజ్ చేసి ఉంచితే కాసేపు బాగానే తిరిగి, తర్వాత మెల్లమెల్లగా శబ్దం కుంగిపోయింది. నీళ్లు చిమ్మడం తగ్గింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

పాత పెట్రోలు పారబోసి, కొత్తది నూనె కొలిచి కలిపి పోశాం. అదే వరస. ట్యాంకు మూతలో గాలి రంధ్రం చూశాను, తెరుచుకునే ఉంది. ప్లగ్గులు తీసి తుడిచాను. కార్బురేటర్ విప్పి కడిగాను. మార్పు లేదు. చివరికి పొగ పోయే దారి విప్పించి, టార్చి వేసి పిస్టన్ చూడమన్నారు.

"నిలువు గీతలున్నయా?"

"లేవు. నున్నగా ఉంది."

ఆయన గోడ పట్టుకుని లేచి వచ్చి తానూ చూశారు. తర్వాత మెట్టు వైపు తిరిగి పిలిచారు. "అన్నా, ఒక్కసారి లోపటికి రా. నీ కండ్లతోని నువ్వే చూడు."

అతను వచ్చి వంగి చూశాడు.

"నూనె తక్కువైతే గీకుకపోతది, గిట్ల నున్నగ ఉండది. నువ్వు నూనె మంచిగనే కలిపినవు."

అతను మళ్లీ మెట్టు మీదికి వెళ్లలేదు. లోపలే, తమ్ముడి పక్కన నిలబడ్డాడు.

పెట్రోలు గొట్టం మధ్యలో కోడిగుడ్డంత రబ్బరు బుర్ర ఉంది. మా ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, "గిది దేనికి?" అని అడిగారు.

"స్టార్ట్ చేసే ముందట పిసుకుతం, పెట్రోల్ ఎక్కుతదని," అన్నాడు అన్న. అతని గొంతు మేము వినడం అదే మొదలు. "ఆ తర్వాత దానితోని పనిలేదు."

మా ఆయన కాస్త ఆలోచించి, ఇంజను మళ్లీ స్టార్ట్ చేయించారు. శబ్దం కుంగడం మొదలవగానే, "ఇప్పుడు పిసుకు," అన్నారు. పిసికాను. ఇంజను ఒక్కసారిగా లేచింది. వదిలేశాను, కుంగింది. మళ్లీ పిసికాను, లేచింది. దొరికిందన్న సంతోషంతో తలెత్తాను. అన్న ముఖం చూసి నా చెయ్యి ఆగిపోయింది.

పెట్రోలు గుంజే చిన్న పంపు విప్పితే లోపలి పల్చటి పొర వెంట్రుకంత చిరిగి ఉంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిపోయేంత పెట్రోలు వస్తోంది. బరువు పడి జోరుగా తిరగాల్సినప్పుడు చాలడం లేదు, బుర్ర పిసికితే ఆ లోటు తీరుతోంది.

"ఆ దినం నేను గా బుర్ర పిసుక్కుంట కూసుంటే, నడుస్తుండెనా?" అని అడిగాడు అన్న.

కాదనమని నేను మా ఆయనను కళ్లతోనే బతిమాలాను. ఆయన నా వైపు చూడలేదు.

"నడుస్తుండె," అన్నారు. "కని గది నీకు ఎవరు చెప్పిన్రు? ఇన్నేండ్లసంది ఇంజన్లు విప్పుతున్న, నాకు సుత ఇయ్యాల్నే ఎరుకైంది."

అతను నేల మీద కూర్చుండిపోయి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడ్చాడు. ఆమె పోయాక అన్న ఏడవడం అదే మొదటిసారని తమ్ముడు తర్వాత చెప్పాడు. మా ఆయన ఎడమచెయ్యి అతని వీపు మీద వేసి, అతను ఆగేదాకా అలాగే నిలబడ్డారు. అంతసేపు ఆసరా లేకుండా ఆయన నిలబడలేరని నాకు తెలుసు.

ఆ రోజు చిక్కడపల్లిలో మా ఇంటికి ఆయన నా భుజం ఆసరాగా నడిచి వస్తుంటే కోపం పట్టలేక అడిగాను. "అబద్ధం చెప్తే ఏం పోయేది? ఆ మనిషి జర నిమ్మళంగ ఉండేటోడు."

"రేపు మళ్ల నడినీళ్లల్ల గట్లనే అయితే? పడవల ఇంకెవరన్న ఉంటరు గద," అన్నారు.

తమ్ముడు రాణీగంజ్ దుకాణాలన్నీ తిరిగి కొత్త పొర తెచ్చాడు. బిగించాక అన్నే తాడు గుంజి, డ్రమ్ములో నీళ్లు బయటికి చిమ్మిపోయేదాకా ఇంజను నడిపి చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు మా ఆయన ముందు చేతులు జోడించాడు.

మరుసటి ఎండాకాలం తమ్ముడు షాపుకు వచ్చినప్పుడు అడిగాం. అన్న పడవ నడుపుతున్నాడట. మొదట ఒక్కడే అవతలి ఒడ్డుకు వెళ్లి వచ్చి, ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించుకున్నాడట. రేవులో మిగతా పడవల వాళ్లందరికీ ఆ బుర్ర సంగతి చూపించాడట.

"కని దవాఖానకు పోయేటోళ్లు వస్తే మాత్రం నడపడు అన్నా. పక్క పడవాయన్ని పిలుస్తడు. తను బుర్ర పట్టుకొని ఎనక కూసుంటడు."

మా ఆయన తలూపి, "పోనీ, కూసుంటుండు గద," అన్నారు.