గాజుపలక మీది నలుసు

నా చిన్నప్పుడు మా ఇంటి కుక్కకు పేరంటూ లేదు. మేకల వెంట పోయేది కాబట్టి మందకుక్క అనేవాళ్ళం. దుత్తలూరు పక్కన మెట్ట పొలాల్లో మేకలు మేపుకునే మా అవ్వకు అదే కుడిభుజం. నక్కల్ని తరమడం, దారి తప్పిన మేకపిల్లల్ని మందలోకి మళ్ళేయడం దాని వంతు. ఇప్పుడు ఆత్మకూరులో మా మనవలు వీధికుక్కలక్కూడా తలా ఒక ముద్దుపేరు పెడుతుంటారు. ఆ రోజుల్లో మాకా సరదాలు లేవు. అయితే మా అవ్వ కంచం ముందు కూర్చుంటే మొదటి ముద్ద తన నోట్లోకి పోయేది కాదు, దాని ముందు పడేది.

ఒక ఎండాకాలం అది తిండి మానేసి కొట్టంలో చీకటి మూల చేరింది. పక్కింటి మామ కొడుకు కర్రతో పొడిస్తే పళ్ళు చూపించి మీదికి దూకింది. పన్ను తగల్లేదు గానీ, ఆ సాయంత్రమే పక్కింటి మామ వచ్చి దానికి పిచ్చి పట్టిందన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. సొంత తమ్ముడు పిచ్చికుక్క కరిచి పోతుంటే కళ్ళారా చూసిన మనిషి ఆయన. మా నాయన దాన్ని గొలుసుతో గుంజకు కట్టేశాడు. నీళ్ళు పెడితే ముట్టలేదు. నీళ్ళంటే భయం పుట్టిందంటే ఇక అనుమానం దేనికని ఊరంతా తేల్చేసింది. కొట్టం వైపు మమ్మల్ని ఎవ్వరినీ పోనివ్వలేదు.

అట్లా మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున్నే పక్కింటి మామ దుడ్డుకర్ర తీసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే అవ్వ కొట్టంలోకి తొంగిచూసి వచ్చింది. కుక్క పడుకున్న చోట నేల డికాషన్ ఒలికినట్టు ఎర్రగా తడిసి ఉందట. గొడ్లకు ఎర్రటి ఉచ్చ రావడం ఆమె చూసిందే. పిచ్చికీ దానికీ సంబంధం ఏందని అడిగింది.

పక్కింటి మామ కర్ర దించకుండానే మా నాయనతో అన్నాడు. "పొద్దుగూకే లోపల డాక్టరుకు చూపిచ్చుకో బావా. పిచ్చేనన్నాడా, ఈ పని నేనే చేస్తా. నాకూ పిల్లలుండారు."

మా నాయన కుక్క మీద గోతం కప్పి, మూతికి తాడు బిగించి, బండిలో వేశాడు. అవ్వ ఎక్కింది. ఆమె చూపు మందగించడంతో నన్నూ ఎక్కించుకుంది. ఉదయగిరి గొడ్ల ఆసుపత్రికి చేరేసరికి ఎండ బాగా ముదిరింది.

అక్కడి డాక్టరు నెమ్మది మనిషి. అవ్వ దృష్టిలో మరీ నెమ్మది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా పాలిపోయి, కొంచెం పసుపుపచ్చగా ఉన్నాయి. చెవుల లోపల నెత్తురు తాగి ఉబ్బిన పిడుదులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. ఆయన చెవి అంచున సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తం గాజుపలక మీద వేసి, ఇంకో పలక అంచుతో పలచగా లాగాడు. ఆరనిచ్చి, రంగునీళ్ళు పోసి, కడిగి, కిటికీ పక్కన ఉన్న మైక్రోస్కోపు కింద పెట్టాడు.

అప్పుడు మా అవ్వ అడ్డం పడింది. "ఆ గొట్టంలో ఏం కనపడతాదో మా ఇంటి కన్ను చూస్తే గానీ నేను నమ్మను సామీ. నా కంటికి పొర కమ్ముండాది. ఈ పిల్ల చూస్తాది."

డాక్టరు ఏమనుకున్నాడో గానీ నన్ను స్టూలు ఎక్కించాడు. ఎండలో పెట్టిన వడియాల్లా లేత ఎర్రటి గుండ్రటి బిళ్ళలు లెక్కలేనన్ని కనిపించాయి. అవి ఎర్ర కణాలన్నాడు. అక్కడొకటి అక్కడొకటి వాటికంటే పెద్దవి, నడుమ ఊదారంగు ముద్ద ఉన్నవి తెల్ల కణాలన్నాడు. నాకు మాత్రం బిళ్ళల మీద నల్లటి చుక్కలే కనిపించాయి. పురుగులు, పురుగులు అని అరిచాను. దొరికినాయి గదా, సూది వెయ్యమని అవ్వ తొందరపెట్టింది.

డాక్టరు సూది ముట్టుకోలేదు. నా వేలు తన వేలి కింద పెట్టి పక్కనున్న మరను వెంట్రుకవాసి తిప్పించాడు. చుక్కలు తేటపడ్డాయి, బిళ్ళలు మసకబారాయి. వెనక్కి తిప్పిస్తే బిళ్ళలు తేటపడ్డాయి, చుక్కలు మసకబారాయి.

"చూసినావా, ఇవి కణం లోపల లేవు, పైన ఉండాయి," అన్నాడు. "ఇది నేను పోసిన రంగులో నలుసు. మచ్చ కనపడంగానే కుక్కదే అనుకోకూడదమ్మా. మనం పోసిందేమో ముందు చూసుకోవాల."

ఆయన రంగును వడగట్టి, మళ్ళీ చెవి గుచ్చి, మళ్ళీ పలక తయారు చేశాడు. అవ్వ ఆ సేపంతా గొణుగుతూనే ఉంది. ఈసారి కొన్ని బిళ్ళల కడుపులో వేపగింజల్లాంటివి రెండేసి, కొనలు కలుపుకుని కనిపించాయి. మర ఎటు తిప్పినా బిళ్ళతో పాటే తేటపడి, బిళ్ళతో పాటే మసకబారాయి. పిడుదుల నుంచి ఎక్కే పురుగు అదేనని, ఎర్ర కణాల్లో చేరి వాటిని పగలగొడుతుందని, ఉచ్చలో వచ్చే ఎరుపు ఆ పగిలిన కణాలదేనని చెప్పి సూది వేశాడు.

అవ్వ ముఖం విప్పారింది. డాక్టరు మాత్రం ఇంకా తేల్చలేదు. పిచ్చి ఉందీ లేనిదీ రక్తంలో తెలియదన్నాడు. ఇన్నాళ్ళూ అది నీళ్ళు ముట్టలేదని ఎట్లా తెలిసిందని మా నాయన్ని అడిగాడు. గిన్నె పెట్టినది పెట్టినట్టే ఉందని నాయన చెప్పాడు. గిన్నె ఎక్కడ పెట్టారని అడిగాడు. భయమేసి గడప దగ్గర నుంచే గడకర్రతో నెట్టామని నాయన చెప్పాడు. గొలుసు అంతదూరం వస్తుందా అని డాక్టరు అడిగాడు. మా నాయన మూరలు లెక్కేసుకుని, తల వంచుకుని, రాదన్నాడు. నేను మా నాయన్ని అట్లా చూడటం అదే మొదలు.

పొద్దుగూకకముందే ఇల్లు చేరాం. పక్కింటి మామ అరుగు మీదే ఉన్నాడు, కర్ర పక్కనే ఉంది. దగ్గరికి పోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు కాబట్టి కుక్కను గుంజకు కట్టి, మూతి తాడు దూరం నుంచే జారేటట్టు లాగేశారు. అవ్వ గడకర్ర తీసుకుని నీళ్ళగిన్నెను గడప దాటించి, ఇంకా ముందుకు, దాని మూతి దాకా నెట్టింది. అది తల ఎత్తలేదు. పడుకునే నాలుక చాపి తాగడం మొదలుపెట్టింది. గిన్నె అడుగు నాకేదాకా తాగింది. పక్కింటి మామ అంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంటికి పోయి, కర్ర వదిలేసి, బిందెతో నీళ్ళు మోసుకొచ్చాడు.

అది బతకలేదు. రెండో రోజు తెల్లవారేసరికి పోయింది. మందు మంచిదే, కానీ అప్పటికి ఒంట్లో రక్తం మిగల్లేదు. చేను గట్టున గుంత తీసింది పక్కింటి మామే. ఒకవేళ నిజంగా పిచ్చే అయ్యుంటే మనమేం చేసేవాళ్ళమని ఆయన నసిగితే, మా అవ్వ కోపం లేకుండానే చెప్పింది. "దానికి దప్పికైనాదిరా. మనకు భయమైనాది."

నేను పెద్ద చదువులు చదవలేదు, మైక్రోస్కోపులో మళ్ళీ చూసిందీ లేదు. కోడలు మంచిది కాదనో, పక్కవాటావాడికి పొగరనో ఎవరైనా వచ్చి చెబితే వింటాను. విని, ఆ మచ్చ వాళ్ళ లోపలుందా, మనం పోసిన రంగులోదా అని నా మనసులో ఆ మర ఒకసారి తిప్పుకుంటాను. అన్నిసార్లూ తేటపడదు. అట్లాంటప్పుడు మాట పక్కన పెట్టి, వాళ్ళ గొలుసు ఎంతవరకు వస్తుందో చూడటానికి లేచి వెళతాను.