వాకిట్లో గడ్డి గులాబీలు

గుడివాడలో మా వీధి చివర కొత్తగా పెట్టిన నర్సరీలో నిన్న, అరచేతిలో పట్టేంత కుండీలో బొద్దాకుల మొక్కొకటి చూసి ముచ్చటపడ్డాను. "వారానికోసారి తడిపితే చాలండీ. ప్రేమ ఎక్కువైతే కుళ్లిపోద్ది," అన్నాడు నర్సరీ ఆయన. నాకు నవ్వాగలేదు. ఆ మాట బందరులో మా మేనత్తకి ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

మా మేనత్త పుట్టింది ముదినేపల్లి దగ్గర, చుట్టూ వరిచేలే. కాలవ కింద పుట్టినవాళ్లకి నీళ్లు నిలబడితేనే నేల నేల కింద లెక్క. బందరు కాపురానికొస్తే బోరులో ఉప్పునీళ్లు. అందుకని పంపునీళ్లు బిందెతో మోసి మరీ వాకిట్లో కనకాంబరాలు, చామంతులు పెంచింది. మోకాళ్లు అరిగిపోయినా మోత మానలేదు. ఒకనాడు బిందెతో సహా బురదలో జారిపడింది. ఎముకలు విరగలేదు గానీ మావయ్య హడలిపోయాడు. "మోకాళ్ల ఆపరేషన్ అయ్యి ఇంటికి రాగానే వాకిలంతా సిమెంటు చేయించేస్తాను. నువ్వు వంగలేవు, నేను మొయ్యలేను," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, అదే ఆవిడ బాధ. కాళ్లు ఎలాగూ పోయాయి, కాళ్లకింద మట్టి కూడా పోతోందని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ సంగతి విని పక్కింటి ముస్లిం పిన్నిగారు బుట్టెడు గడ్డి గులాబీ కొమ్మలు తుంచి తెచ్చారు. అవి నేలమీద చాపలా పాకుతాయి, ఉప్పుకీ ఎండకీ జడవవు. నాటాక మా అత్తయ్య ఊరుకుందా? పొద్దునో బిందె, సాయంత్రమో బిందె. వారం తిరక్కుండానే కుళ్లి జావయ్యాయి. "ఇది వరిచేను కాదు వదినగారూ! వాటి మానాన వాటినొదిలెయ్యండి," అని పిన్నిగారు మళ్లీ కొమ్మలిచ్చారు. అవి కాస్త వేళ్లు పట్టుకుంటుండగానే బెజవాడ ఆసుపత్రికి ప్రయాణం. "వచ్చేసరికి ఇవి బతికుంటే సిమెంటు మానేయండి," అంది అత్తయ్య. బతకవన్న ధీమాతో మావయ్య సరేనన్నాడు.

వేసవంతా వాళ్లిద్దరూ బెజవాడలో కూతురింట్లోనే ఉండిపోయారు. బందరు ఇంటికి తాళం. తిరిగొచ్చిన రోజు నేనూ వెంట ఉన్నాను. గేటు ముందు ఆటో ఆగితే అత్తయ్య దిగనని మొరాయించింది. చచ్చిన మొక్కల్ని చూడలేనంది. నేనే ముందెళ్లి గేటు తీశాను. ఎండ చుర్రుమంటోంది, వాకిలి నిండా గులాబీరంగు, పసుపు, నారింజ పూలు, కాలు పెట్టడానికి చోటు లేదు.

"నీళ్లెవరు పోశారే?" అంది అత్తయ్య, నేను కేకేస్తే ఆటో దిగొచ్చి వాకర్ పట్టుకుని నిలబడి.

"ఎవరూ పొయ్యలేదు వదినగారూ. మధ్యలో ఒక్క వాన పడిందంతే," అన్నారు గోడవతల నుంచి పిన్నిగారు.

"నువ్వు ఊళ్లో లేకపోవడమే వాటి అదృష్టం," అని మావయ్య అప్పటికప్పుడు మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దనేశాడు. అత్తయ్య నవ్వుతూనే ఏడ్చేసింది. నాకూ అప్పుడే ఊపిరాడింది.

ఆ వాకిలి ఇప్పటికీ మట్టి వాకిలే. పదయ్యేసరికి పూలు విచ్చుకుంటాయి, ఆవిడ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటుంది. కాలం మనిషి చేతిలోంచి ఏదో ఒకటి లాక్కుంటుందంటారు. మా మేనత్త చేతిలోంచి నీళ్ల బిందె లాక్కుని, వాకిలి మాత్రం ఆవిడకే వదిలేసింది.